తేలని తగువు మీద లేచిన ఊరు

ఆదివారం

మూడో బండి దినచర్య. రాస్తున్నది కోటిలింగం.

ఈ బండిలో గాలి జల్లెడలు దులిపేది నేనే, దినచర్య రాసేదీ నేనే. చదువు అయిదో తరగతితో ఆగిపోయింది కాబట్టి తప్పులుంటే సర్దుకోవాలి. రోజూ రాసేది రెండు ముక్కలే. జల్లెడలు దులిపాను, ఎర్రదుమ్ము ఇంత వచ్చింది, అంతే. ఇవాళ అలా రాసి ఊరుకోవడం నా వల్ల కాదు. నా కూతురు శమంతకి తొమ్మిదో నెల వచ్చింది. పెళ్ళయిన పదకొండేళ్ళకి. అక్షరాలు వంకరపోతే అది ముసలితనం కాదు, సంతోషం.

రేపు పుట్టబోయే మనవడో మనవరాలో ఇది చదువుకోవాలి కదా, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

బంగారు తండ్రీ, లేదా తల్లీ, మనం నెమ్మది మార్గం వాళ్ళం. మన గురువు నెమ్మదమ్మ పూర్వాశ్రమంలో ఇంజనీరు. గోపురాల పట్నంలో జనం ఒకరినొకరు పీక్కుతింటుంటే చూడలేక, నమ్మినవాళ్ళని పధ్నాలుగు బండ్లలో ఎక్కించుకుని ఈ అంగారక గ్రహం మీది బీళ్ళలోకి బయల్దేరింది. ఆవిడ పెట్టిన నియమాలు రెండే. ఒకటి, పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా ఒక్క తగువూ రాని చోట ఊరు కట్టుకోండి. తగువు వచ్చిందా, ఆ నేల ఇక మీది కాదు, మర్నాడు బండ్లు కదపండి. రెండు, కోపంతో బండి కదపకండి.

రెండో నియమాన్ని ఆవిడ మాటతో వదల్లేదు. మన చేతులకి పూస కట్టింది. మనసులో కోపం ఉన్నంతసేపూ అది ఎర్రగా వెలుగుతుంది, పోతే తెల్లబడుతుంది. ఒక్క పూస ఎర్రగా ఉన్నా పధ్నాలుగు బండ్లలో ఏదీ స్టార్ట్ కాదు. అన్నీ తెల్లబడ్డాయా, ఇంజన్లు వాటంతటవే లేస్తాయి. నటిస్తే పూస నమ్మదు. చాలామంది ప్రయత్నించి చూశారు.

నలభై ఏళ్ళుగా తిరుగుతున్నాం. పగలు తగువు పడటం, రాత్రి రాజీపడటం, పొద్దున్నే కదలడం. ఒకసారి మాత్రం మధ్యాహ్నం మూడు గంటలదాకా నెట్టుకొచ్చాం. ఇంకేముంది ఊరు వచ్చేసిందని అందరం కావిలించుకుని ఏడ్చాం. ముందు ఎవరు ఏడ్చారన్న దాని మీద తగువు వచ్చింది.

ఇవాళ బండ్లు ఆగిన చోటు మాత్రం చూసి తీరాలి. గాలి అడ్డుకునే కొండవార, అడుగు లోతున మంచు. తవ్వితే నీళ్ళు.

సోమవారం

పుట్టింటివాడిని కదా, చలిమిడి చేసుకుని, బండికీ బండికీ మధ్య వేసిన గొట్టం దారిన తొమ్మిదో బండికి వెళ్ళాను. బియ్యప్పిండి పంటల బండిలోది, బెల్లం నా వాటా మూడు నెలలది. తొమ్మిదో బండి నా వియ్యంకుడు ప్రశాంతరావుగారిది. మన మార్గంలో పేర్లు అలాగే పెడతారు, మనుషులు ఎలా ఎదుగుతారో ఎవరికి తెలుసు. బండ్లు కదిలే వేళ తప్ప ఆయన పూస తెల్లగా ఉండగా చూసినవాళ్ళు తక్కువ.

శమంత రెండు ముద్దలు తిని, ఎంత బాగుందో నాన్నా అంది. నా కళ్ళు తిరిగినంత పనైంది ఆనందంతో. ఆ ఊపులో, తొలి పురుడు పుట్టింట్లోనే కదా, పిల్లని ఇవాళే మా బండికి తీసుకెళ్తానన్నాను. తప్పేముంది అందులో, లోకంలో ఎక్కడైనా అదే కదా ఆచారం.

"తీసుకెళ్ళండి బావగారూ," అన్నాడు ప్రశాంతరావు. "కాకపోతే మీ బండికి స్ప్రింగులున్నాయో లేవో ఒకసారి కిందకి వంగి చూసుకుని మరీ తీసుకెళ్ళండి. మొన్న గుంటలో పడితే మీ బండిలో పాలు పెరుగయ్యాయట."

"మా బండిలో పాలైనా ఉన్నాయి," అన్నాను.

అక్కణ్ణించి ఎక్కడెక్కడికో పోయింది. ఆయన నా జల్లెడల దాకా వచ్చాడు. నేను ఆయన ముక్కు దాకా వెళ్ళాను. నా పూస ఎర్రబడింది, ఆయనది ఎలాగూ ఎర్రగానే ఉంది. మా ఓర్పమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. నెమ్మదమ్మ పోయాక మార్గానికి ఆవిడే పెద్ద.  ఈ నేల పోయింది, రేపు కదులుదాం అని మాత్రం చెప్పి వెళ్ళిపోయింది. మంచు తవ్వడానికి గడ్డపార తీసినవాళ్ళు దాన్ని మళ్ళీ పెట్టెలో పెట్టేశారు.

మంగళవారం

మామూలుగా అయితే రాత్రే రాజీ అయిపోయేది. నిన్న నాకు కోపం తగ్గలేదు. పాలు పెరుగయ్యాయనడం నిజమే కావడం వల్ల ఇంకా ఎక్కువైంది.

పొద్దున బండ్లు స్టార్ట్ కాలేదు. ఓర్పమ్మ మా ఇద్దరినీ ఎదురెదురుగా కూచోబెట్టింది. మంచినీళ్ళు తాగించింది. నెమ్మదమ్మ మాటలు చదివి వినిపించింది. ప్రశాంతరావు మెత్తబడ్డాడు, నేనూ మెత్తబడుతున్నాను, పూస అంచున తెలుపు కనిపిస్తోంది. అప్పుడు డాక్టరమ్మ వచ్చింది. శమంతని చూసి వస్తోంది. ముందు దారంతా రాళ్ళ బీడు, రెండు వారాలపాటు కుదుపులే, ఈ నెలలో ఆ కుదుపులు పడితే బిడ్డ దక్కుతుందని నేను హామీ ఇవ్వలేను అంది.

 నియమం ప్రకారం కదలాలి. ఓర్పమ్మ కళ్ళు మూసుకుంది. 

అప్పుడు మా అల్లుడు నిదానం నోరు విప్పాడు. అతను మాట మొదలుపెడితే వినేవాళ్ళు కూచోవడానికి చోటు చూసుకుంటారు.

"రాజీ అయితే కదలాలి," అన్నాడు. ఆగాడు. "కాకపోతే కదలడానికి లేదు." ఇంకాసేపు ఆగాడు. "అలాంటప్పుడు, మామయ్యగారూ, నాన్నా, మీరు రాజీ పడకపోతే?"

నలభై ఏళ్ళలో ఈ ఆలోచన ఎవరికీ రాలేదు. భక్తులం కదా, రాజీ పడకుండా ఉండొచ్చని మాకు తట్టనే లేదు.

అందరూ ఓర్పమ్మ వైపు చూశారు. ఆవిడ వేళ్ళ మీద లెక్కలు వేసుకుని, రోజూ పొద్దుగూకే వేళ వచ్చి తేలిందా అని అడుగుతాను, పూస అబద్ధం చెప్పదు, తెల్లగా ఉంటే మర్నాడే ప్రయాణం అంది. గుమ్మం దాటుతూ, వెనక్కి చూడకుండా, "కోటిలింగం, ఆయన నీ జల్లెడల్ని ఏమన్నాడో మర్చిపోకు," అంది.

శుక్రవారం

కోపంగా ఉండటం ఎంత కష్టమో తెలియలేదు నాకు ఇన్నాళ్ళూ. ఒక పని కింద పెట్టుకుంటే గానీ తెలియదు. పొద్దున లేస్తూనే తాతనవుతున్నానన్న సంగతి గుర్తొస్తుంది, పూస పాలలా తెల్లబడుతుంది. నాలాంటి సంతోషం పట్టలేని మనిషి చేతిలోనా దేవుడా ఇంత బరువు పెట్టావు?

ప్రశాంతరావుగారు పొద్దున్నే మా బండికి వస్తున్నాడు పాపం, నన్ను తిట్టడానికి. కూచుని, టీ తాగి, మొదలుపెడతాడు. శమంత పెళ్ళిలో నేను వాళ్ళ వైపు వాళ్ళకి బూరెలు రెండోసారి వడ్డించలేదన్న సంగతి నిన్న తవ్వితీశాడు. నిజానికి బూరెలు అయిపోయాయి. అయిపోయాయని చెప్పడానికి పరువు అడ్డొచ్చి, వద్దన్నారనుకున్నానని చెప్పాను. అదే ఆయన పదకొండేళ్ళుగా మనసులో పెట్టుకున్నాడు. నాకూ మండింది. సాయంత్రందాకా ఇద్దరి పూసలూ నిప్పు కణికలే. ఓర్పమ్మ వచ్చి తేలిందా అంటే, తేలడమేమిటమ్మా అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

ఈలోగా జనం ఊరుకోలేదు. కదిలేది లేనప్పుడు చేతులు ముడుచుకుని కూచోవడం ఎందుకని బయటి తొడుగులు వేసుకుని మంచు తవ్వారు. మంచు కరిగించిన నీళ్ళతో ఎర్రమన్ను పిసికి, వంట పొయ్యిల వేడిలో ఇటుకలు కాల్చారు. ఇల్లు కాదు, ఊరికే చేయి తిరుగుతుందేమో చూస్తున్నాం అని ఒకరికొకరు చెప్పుకున్నారు.

పై వారం బుధవారం

ఇవాళ కొంప మునిగేదే.

డాక్టరమ్మ బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తానంటే ఇద్దరం వెళ్ళాం, ఎడమొహం పెడమొహంగా. చిన్న పెట్టె శమంత పొట్ట మీద ఆనించింది. గుర్రం పరిగెత్తినట్టు ఉంది ఆ చప్పుడు. గుర్రాన్ని నేను చూడలేదనుకోండి, మా నాన్న చెప్పేవాడు. నాకు తెలియకుండానే వియ్యంకుడి చెయ్యి పట్టుకున్నాను. ఆయనా పట్టుకున్నాడు. ఎంత బలంగా పట్టుకున్నాడంటే వేళ్ళు నొప్పెట్టాయి, అదీ బాగుంది.

బయట బండ్ల ఇంజన్లు ఒక్కసారిగా గురగురమన్నాయి.

గొట్టాల్లోంచి పరుగులు. ఎవరో తలుపు బాదుతున్నారు. మా చేతుల వైపు చూసుకుంటే రెండు పూసలూ మల్లెమొగ్గల్లా ఉన్నాయి.  తిడదామంటే ఒక్క మాట గుర్తు రాదు. ఆ క్షణంలో మా ప్రశాంతరావు, మహానుభావుడు, చెయ్యి విదిలించుకుని అన్నాడు: "అబ్బో, ఏం పరుగు. మా వంశం గుండె అది. మీ వైపుదైతే మధ్యలో రెండు సార్లు కూచుని లేచేది."

మా నాన్న గుండెజబ్బుతో పోయాడు. నా పూస భగ్గుమంది. ఇంజన్లు ఆగిపోయాయి. గొట్టంలో జనం చప్పట్లు కొట్టారు. తరవాత ఆయన ఒక మూల కూచుని కళ్ళు తుడుచుకుంటుంటే చూశాను. పెద్దాయన, నా తండ్రిని అన్నందుకు నాకంటే ఆయనకే ఎక్కువ నొప్పిగా ఉంది. ఆ సంగతి చూడనట్టు వచ్చేశాను. చూస్తే మళ్ళీ తెల్లబడుతుంది.

ఆ మరుసటి వారం సోమవారం

ఇటుకల పని ముదిరింది. కమాను కప్పుతో ఒక గది లేచింది, లోపల గాలి పోకుండా పూత కూడా వేశారు. దాన్ని గొట్టంతో మా బండికి కలిపారు, సామాన్లు పెట్టుకోవడానికట. శమంత రోజూ వెళ్ళి ఆ గోడకి వీపు ఆనించి కూచుంటోందని నిదానం చెప్పాడు. ఏం చేస్తోంది అని అడిగితే, "ఏం చెయ్యదండీ. కదలకుండా ఉందని చూసుకుంటుంది," అన్నాడు.

పిల్ల ఆనందంగా ఉంది అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు. మా తగువుకి సరుకు వెతుక్కోవడంలోనే నాకూ వియ్యంకుడికీ పొద్దుపోతోంది. పాత కోపాలన్నీ అయిపోయాయి. మళ్ళీ మొదటికే వచ్చి, పురుడు ఏ బండిలో అన్న దాని మీదే పడ్డాం. అది మాత్రం ఎంత వాడినా అరగడం లేదు.

గురువారం

అమ్మాయి పుట్టింది. అమ్మాయి పుట్టింది. ఇంకోసారి రాస్తాను, అమ్మాయి.

పొద్దున నొప్పులు మొదలయ్యాయని కబురు రాగానే నేను మా బండిలో మంచం సర్దాను. ప్రశాంతరావు తన బండిలో సర్దాడు. ఇద్దరం గొట్టం మధ్యలో ఎదురుపడ్డాం. పుట్టిల్లని నేను, స్ప్రింగులని ఆయన. బండ్లు కదలడమే లేదు కదా, స్ప్రింగులు దేనికి అని అడిగితే, మర్యాదకి అన్నాడు. మేం అలా అరుచుకుంటూ ఉండగా శమంత నడుం పట్టుకుని మా ఇద్దరి మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. వాళ్ళ బండిలోకీ కాదు, మా బండిలోకీ కాదు. తిన్నగా ఇటుకల గదిలోకి వెళ్ళి, గోడవార పడుకుని, డాక్టరమ్మని ఇక్కడికే పిలవండి అంది.

మధ్యాహ్నానికి ఏడుపు వినపడింది. ఇటుకల గోడలోంచి ఏడుపు వినడం నా జీవితంలో అదే మొదలు. బండి రేకులో అయితే మోగుతుంది. ఇక్కడ అలా కాదు, గోడ ఆ గొంతుని తనలో కొంచెం ఉంచుకుని మిగతాది మాకు ఇచ్చినట్టుంది.

నేనూ మా బావగారూ కావిలించుకుని ఏడ్చాం. ఇక తగువు ఏముంది? ఏ బండిలో అన్నదానికే తగువు, బండే లేకుండా పోయింది. ఆయన నన్ను తిట్టబోయి ముద్దుపెట్టుకున్నాడు. జనం చుట్టూ చేరి, బూరెలు గుర్తు చెయ్యండి, గుండె సంగతి ఎత్తండి అని మొత్తుకుంటున్నారు. ఏం ఎత్తినా నవ్వే వస్తోంది. పూసలు రెండూ తెల్లగా, మావే కాదు, అందరివీ తెల్లగా. ఇంజన్లు గురగురమంటూనే ఉన్నాయి.

పొద్దుగూకే వేళ ఓర్పమ్మ వచ్చింది. తేలిందా అని అడిగింది. 

"తేలిందమ్మా," అన్నాను. ఆవిడతో అబద్ధం ఎలా చెప్పను.

రేపు పొద్దున్నే ప్రయాణం అంది. పచ్చి బాలింతరాలు, రోజు పిల్ల, ముందు రాళ్ళ బీడు. అందరూ ఏడ్చారు. నియమం మీద కోపం రాదు మావాళ్ళకి, నలభై ఏళ్ళుగా అలవాటైంది. దుఃఖానికేమో పూస రంగు మారదు. ఎవరో ఒకాయన పక్కవాణ్ణి చెంపదెబ్బ కొట్టి చూశాడు. వాడు పాపం అర్థం చేసుకుని దండం పెట్టాడు, పూస అలాగే తెల్లగా ఉంది.

నేను గదిలోకి వెళ్ళి, కూతురి పక్కన కూచుని, ఏం పరవాలేదమ్మా, మెల్లిగా తోలిస్తాను, నువ్వూ బండి కదులుతుండగానే పుట్టావు, ఏమైంది చక్కగా లేవూ అన్నాను. ఓదార్పనుకునే అన్నాను.

శమంత నా వైపు చూసింది. గొంతు పెంచలేదు.

"నాన్నా, చిన్నప్పుడు నేను పుట్టిన చోటు ఏదని అడిగితే నువ్వు నాకు ఒక చక్రం చూపించావు. గుర్తుందా? నవ్వుతూ చూపించావు. నేనూ నవ్వాను, నువ్వు సంతోషంగా ఉన్నావని. ఇప్పుడు నా పురుడు మీ బండిలోనా, వాళ్ళ బండిలోనా అని ఊరంతా వినేలా కొట్టుకున్నారు. నీకు ఎక్కడ కావాలే అని ఒక్కసారి, ఒక్కరు, నన్ను అడిగారా? నువ్వైనా అడిగావా?"

అడగలేదు. నెత్తిన ఉన్న సంతోషం బరువుకి కిందకి వంగి చూడలేదు నేను.

"ఇంక నేను నీతో మాట్లాడను," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇంజన్లు ఆగిపోయాయి. ఒక్కొక్కటిగా, పధ్నాలుగూ. దుప్పటి మీద దాని చెయ్యి ఎర్రగా వెలుగుతోంది. గుమ్మంలో ఓర్పమ్మ నిలబడి ఉంది. అది చూసి, నాకేసి చూసి, చెంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

నెల తరవాత, ఆదివారం

బండ్లకి చక్రాలు విప్పేశారు. పన్నెండు కొత్త ఇళ్ళయ్యాయి. మంచినీళ్ళ బావికి గిలక వచ్చింది. పాప పేరు నేలమ్మ. తల్లి పెట్టుకుంది, ఎవరినీ అడగలేదు, ఎవరం నోరెత్తలేదు. ప్రశాంతరావు రోజూ వస్తున్నాడు, ఇప్పుడు తిట్టడానికి కాదు, ఊరికే. తిట్లు లేకుండా ఏం మాట్లాడుకోవాలో తెలియక ఇద్దరం స్ప్రింగుల గురించే మాట్లాడుకుంటున్నాం.

శమంత నాతో మాట్లాడటం లేదు. ఒక్క రోజు కూడా పూస తెల్లబడలేదు. అది నిజం కోపమే. కాకపోతే ఆరిపోకుండా కాచుకుంటోందో, దానంతటదే ఉందో నాకు తెలియదు. అడగడానికి లేదు కదా, మాటలు లేవు. ఓర్పమ్మ రోజూ వచ్చి తేలిందా అంటుంది. తేలలేదమ్మా అంటాను. కొత్త ఇల్లు మొదలుపెట్టేవాళ్ళు తొలి ఇటుక నా చేత పెట్టిస్తున్నారు. నువ్వు చల్లగా ఉండాలి కోటిలింగం బాబాయ్, నీ కూతురు నిన్ను క్షమించకుండా ఉండాలి అని దీవిస్తున్నారు. మనసులో ఏమీ లేదు వాళ్ళకి, ప్రేమతోనే అంటున్నారు.

ఇవాళ పొద్దున జల్లెడలు దులుపుతుంటే శమంత వచ్చి పాపని నా ఒళ్ళో పెట్టింది. నా మొహం చూడలేదు. పాపతో అంది: "మీ తాతకి చెప్పవే, ముక్కుకి గుడ్డ కట్టుకుని దులపమని. నిన్న రాత్రంతా దగ్గాడు."

తప్పయిందమ్మా అన్న మాట పెదాల దాకా వచ్చింది. ఒక్క మాట. ఆ ఒక్క మాటతో నా బిడ్డ నా భుజం మీద తల పెట్టుకుని ఏడుస్తుందని నాకు తెలుసు. దాని ముందు నిలబడ్డప్పుడల్లా వస్తుంది ఆ మాట. పాపని ఒళ్ళో సర్దుకుని, గుడ్డ తీసి ముక్కుకీ నోటికీ కలిపి కట్టేసుకున్నాను. గట్టిగా, రెండు ముళ్ళు వేసి. బయట పదమూడో ఇంటికి ఇటుకలు మోస్తున్నారు.